రెండు చీలికల గది

"కొలత అంటే ఏమిటండీ అసలు?"

సెమినార్ గదిలో వెనక వరసలోంచి వచ్చిందా ప్రశ్న. అడిగినవాడు థియరీ విభాగంలో కొత్తగా చేరిన పరిశోధకుడు. ప్రతిదానికీ అడ్డు తగులుతాడని అందరూ అతన్ని 'సందేహం' అనే పిలిచేవారు.

బోర్డు దగ్గరున్న లేజర్ ల్యాబ్ అమ్మాయి తొణకలేదు.

"కాంతికణాన్ని చూడనంతవరకూ దాని అల పలకలోని రెండు చీలికల్లోంచీ వెళ్తుంది. ఎక్కడుందని చూస్తే ఒక్కచోటే దొరుకుతుంది. ఆ చూడటమే కొలత."

"చూసే డిటెక్టర్ కూడా అణువులతో చేసిందే కదా. దానికి మాత్రం ఆ రెండు దారుల గొడవ ఎందుకుండదు? అల సరిగ్గా ఎక్కడ కూలి ఒక్కచోటికి చేరుతుంది?"

"అది ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. మీరు తేలిస్తే చెప్పండి, ఈ మైకు మీకే ఇచ్చేస్తాను."

గదంతా నవ్వింది. అతనూ నవ్వాడు. మర్నాడు ల్యాబ్ తలుపు తట్టాడు.

"ఈ ప్రయోగాన్ని నేను కాగితం మీద తప్ప ఎప్పుడూ చూడలేదు. చూపిస్తారా?"

"చూడండి. ఏదీ ముట్టుకోకండి."

తొంగిచూడబోయి మోచెయ్యి అద్దానికి తగిలించాడు. వారంగా ఆమె కుదిర్చిన లేజర్ గురి కాస్తా తప్పింది. ఆమె థీసిస్ పరీక్షకులు వచ్చేది ఎల్లుండే.

అతను గబుక్కున వెనక్కి జరిగాడు. "నన్ను తిట్టండి."

"తిడితే అద్దం తిరుగుతుందా? చొక్కా చేతులు మడిచి రండి. ఆ మర తిప్పండి, నేను చెప్పినంతే."

ఆమె చెప్పింది, అతను తిప్పాడు. మధ్యలో వాదించుకున్నారు, బ్రెడ్డు పంచుకున్నారు. 'మీరు' ఎప్పుడో 'నువ్వు' అయిపోయింది. బయట వాన వచ్చి వెలిసిన సంగతి ఇద్దరికీ తెలియదు.

చివరికి తెర మీద ఒక్కొక్క చుక్కే పడుతూ, అల రెండు దారుల్లోనూ వెళ్ళిన గుర్తుగా, చారలుగా పేరుకుంది. దారి కనిపెట్టే డిటెక్టర్‌ను ఆమె ఆన్ చేసింది. కొత్తగా పడిన చుక్కల్లో చారలు లేవు.

అన్నిటికీ ప్రశ్నలు వేసేవాడు చేతులు వెనక్కి కట్టుకుని తెర మీదికి వంగాడు. అలా కళ్ళు విప్పార్చుకుని చూస్తున్న అతన్ని చూసి, ఇతనే అనుకుంది ఆమె.

పరీక్షకులు వచ్చారు, చూశారు, మెచ్చుకుని వెళ్ళారు. వరండాలో అతను ఆమెను ఆపాడు.

"నీతో ఒక మాట..."

"అలలూ, కూలడాలూ అంటూ మొదలుపెడితే వెళ్ళిపోతా. తిన్నగా చెప్పు."

"నువ్వంటే ఇష్టం. పెళ్ళి చేసుకుందాం."

"సరే. నువ్వు చెప్పకపోతే ఇవాళ నేనే అడిగేదాన్ని."

అక్కడికక్కడే తల్లికి ఫోన్ చేసింది. "అమ్మా, పాసయ్యాను. ఇంకో సంగతి. నాకో అబ్బాయి నచ్చాడు. పక్కనే ఉన్నాడు, మాట్లాడు."

అతను కంగారుగా ఫోన్ అందుకున్నాడు. "నమస్కారం అత్తయ్యా," అనేశాడు.

 అవతల నవ్వు వినిపించింది.

"వరస నువ్వే కలిపేశావుగా బాబూ. ఆదివారం భోజనానికి రా. మీ మామయ్యకి నేను చెప్తాలే."