పడని వేలిముద్ర

ఆసుపత్రి వెనకాల దుప్పట్లు ఉతికే గదిలో ఆమెది ఇరవై రెండేళ్ళ చాకిరీ. బట్టల సోడా నీళ్ళకు బొటనవేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. గేటు దగ్గరి హాజరు మెషిన్ రోజూ ఆమెను కాదంటుంది. నాలుగైదుసార్లు నొక్కితే గానీ ఒప్పుకోదు. ఒళ్ళరగదీసుకుని బతికేవాళ్ళ ఖర్మ ఇదే. యంత్రం కాదంటే, తప్పు తమదేననుకుంటారు!

అందుకే మొన్న మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కావాడొకడు చిన్న పెట్టె పట్టుకొచ్చి, "కొత్త గుర్తింపు కార్డులు, పైనుంచి పంపారు" అంటే, ఏ పైనుంచి అని అడగలేదు.

"పడలేదమ్మా. మళ్ళీ పెట్టు."

పెట్టింది. తొమ్మిదిసార్లు.

"అరిగిపోయింది నాయనా, మొహం చూసి ఇచ్చెయ్" అని నవ్వింది.

"అదీ ఇవ్వు" అని ఫొటో తీసుకున్నాడు. పేరూ పుట్టినరోజూ చెప్పించి గొంతు కూడా పెట్టెలోకి పట్టుకున్నాడు. పక్కనే పనిచేసే కూతురూ వేలు పెట్టింది. అమ్మ పెట్టిందిగా మరి!

ఈ ఉదయం ఒళ్ళు వెచ్చగా ఉండి, కూతుర్ని ముందు పంపి, తను ఆలస్యంగా వచ్చింది. వాచ్‌మన్ తెల్లబోయాడు.

"అదేంటక్కా, నువ్వు లోపలే ఉన్నావుగా? ఇవాళ ఒక్క నొక్కుకే పడింది నీ వేలు!"

ఆమె పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళింది.

గదినిండా ఆవిరి. ఉడికిన గుడ్డల వాసన. ఆరేసిన దుప్పట్ల అవతల ఎవరో కూతుర్ని కసురుతున్నారు.

"గట్టిగా పిండవే, చేతులు పడిపోయాయా?"

తన గొంతు. తన దెప్పిపొడుపు. చివర్లో తన దగ్గు...

దుప్పటి అంచు కింద రెండు పాదాలు. మడమల పగుళ్ళతో సహా తనవే.

"అమ్మడూ... ఇటు రా" అంది గుసగుసగా.

దుప్పటి కదిలింది. కూతురు వచ్చి చెయ్యి పట్టుకుంది. "మాట్లాడకమ్మా... పద."

ఇద్దరూ గేటు దాటి ఎండలో పడ్డారు. ఆమెకు ఊపిరందింది. పిల్ల దక్కింది, చాలు.

వెనక పరుగెత్తే అడుగులు.

"అమ్మా, ఆగు! అది నేను కాదు!"

కూతురి గొంతే. ఇంకో చేతిని గట్టిగా పట్టుకుంది.

ఆమె అటు చూసింది. ఇటు చూసింది. రెండూ తను కన్న మొహాలే. రెండు చేతులూ ఒకేలా బిగించి పట్టుకున్నాయి. ఏది వదలాలి...

అప్పుడు లోపలినుంచి ఆమె గొంతు పిలిచింది.

"అమ్మడూ... ఇటు రా."

రెండు చేతులూ ఒక్కసారే ఆమెను వదిలేశాయి.