తమ్ముడి ఫోన్‌లో అన్నయ్య షుగర్

కెమిస్ట్ మెట్ల మీద పరుగెడుతున్నాడు. కిందికి.

పైన తలుపు విరుగుతున్న చప్పుడు... అతని గది తలుపే!

పరాయి దేశంలో ఇది మూడో హోటల్. పేరు మార్చి దిగాడు. అయినా అతన్ని చంపడానికి వెంటపడ్డ గుండువాడు, ఎవరో వేలు పెట్టి చూపించినట్టు, నేరుగా వచ్చేస్తున్నాడు.

తెల్లారితే కోర్టులో సాక్ష్యం. పిల్లలకిచ్చే ఇంజెక్షన్‌లో మందే లేదని పరీక్షించి తేల్చింది ఇతనే. ఇతను నోరు విప్పకపోతే ఆ నీళ్లు మళ్లీ పిల్లల ఒంట్లోకే.

అడుగు అంతస్తులో బట్టలుతికే గది. దూరాడు. దుప్పట్ల గుట్ట వెనక కూలబడ్డాడు.

చేతులు వణుకుతున్నాయి. భయం వల్ల కాదు. భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకున్నాడు. తినాల్సిన పళ్లెం పైన గదిలోనే ఉండిపోయింది.

ఫోన్. తమ్ముడు.

"అన్నయ్యా, షుగర్ పడిపోతోంది. ఏమైనా తిను."

"హోటల్ కింద బట్టల గదిలో ఉన్నా, ఇక్కడేం లేదు. నీకెలా తెలుసురా?"

"భలేవాడివే. నీ భుజానికి సెన్సర్ అతికించి, ఫోన్‌లో యాప్ పెట్టింది నేనే కదా. నువ్వెక్కడున్నావో కూడా కనిపిస్తుంది. పడిపోతే అంబులెన్స్‌కి చెప్పొద్దూ?"

కెమిస్ట్ తలుపు వైపు చూశాడు.

"ఇంకెవరికి కనిపిస్తుంది?"

"వదినకి. అక్కడ నిన్ను చూస్తున్న డాక్టర్ గారికి. ఆయనే ఫోన్ చేసి అడిగాడు. ఎంత మర్యాదస్తుడో. యాప్‌లో కలిపేశా."

"నాకు ఇక్కడ డాక్టరెవడూ లేడు."

"మరి ఆ ఫోన్ చేసింది..."

"కొంప ముంచావు కదరా. వాణ్ణి తీసెయ్. ఇప్పుడే."

"తీసేశా... తీసేశా అన్నయ్యా."

బయట అడుగుల చప్పుడు. తలుపు దగ్గర ఆగింది. తారట్లాడింది. దూరమైంది.

గుండువాడికి దారి పోయింది. కెమిస్ట్ నవ్వబోయాడు. మూతి కదలలేదు.

లేవబోయాడు. కాళ్లు అతనివి కావు.

ఫోన్ మోగుతోంది. వేలు తెర మీద జారిపోతోంది. ఆగింది. మళ్లీ మోగింది. ఆగింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

గుండువాడు. చేతిలో పళ్లరసం గ్లాసు.

"మీ తమ్ముడు రిసెప్షన్‌కి ఫోన్ చేశాడండీ. మా అన్నయ్య కింద బట్టల గదిలో పడిపోయాడు, తియ్యటిదేదైనా తాగించండి అని ఒకటే ఏడుపు. నేనక్కడే నిలబడి ఉన్నా. నేనిస్తాలెండి అన్నా."

ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకున్నాడు. గ్లాసు ఎత్తి తనే తాగాడు. తొందరేం లేదు.

ఫోన్ మళ్లీ మోగింది. గుండువాడు తీశాడు. గొంతు మార్చి ఇంగ్లీషులో మాట్లాడాడు.

"హోటల్ నుంచి సార్. గ్లాసు ఖాళీ అయింది. యాప్‌లో అంకె పెరగడానికి కాస్త టైమ్ పడుతుంది. కంగారు పడకండి. మళ్లీ మళ్లీ ఫోన్ చేయకండి, ఆయన పడుకుంటారు."

కెమిస్ట్ అరవాలనుకున్నాడు. నాలుక లేవలేదు.

ఫోన్‌లోంచి తమ్ముడి గొంతు వినిపిస్తూనే ఉంది.

"మీ రుణం తీర్చుకోలేను సార్..."