పది కిలోల ఇప్పనూనెకు ఎంత కాస్టిక్?

“పిడికిలితోటి కొలిస్తే గిట్లనే అయితది,” అంది భూదవ్వ, పొయ్యిలోకి కట్టె తోస్తూ.

“ఇన్నేండ్లు ఈ పిడికిలితోటే ఇల్లు నడిచింది,” అన్నాడు మైసన్న.

“నడిచింది. ఇప్పుడు తాడ్వాయి ఆమె చేతులు పొక్కినయ్. అంగట్ల అందరి ముంగట సబ్బు నా ఒళ్ళెకే ఇసిరేసి పోయింది. మళ్ళ ఏ మొఖం పెట్టుకొని పోవాలె?”

“కాస్టిక్ తక్కువేస్తే మురికి పోలేదంటరు, ఎక్కువేస్తే చేతులు కాలినయంటరు. నేనేం జెయ్యాలె?”

కామారెడ్డిలో వాళ్ళది బట్టల సబ్బు చేసే ఇల్లు. ఇప్పనూనెలో కాస్టిక్ సోడా నీళ్ళు పోసి తిప్పడం, చిక్కబడ్డాక చెక్కపెట్టెలో పోయడం, గట్టిపడితే ముక్కలు కోయడం. అన్నీ పెరట్లోనే.

కూతురు బాలలక్ష్మి బీయస్సీ రెండో సంవత్సరం. ఈ గొడవ వినీ వినీ విసిగి, సుద్దముక్క పట్టుకుని బండ మీద కూర్చుంది.

“బాపు, ఈసారి నేను తూకమేస్త. నూనె అణువు ఒకటుంటే కాస్టిక్ అణువులు మూడు కావాలె. అంటే ఎనిమిది వందల ఎనభై నాలుగు గ్రాముల నూనెకు నూట ఇరవై గ్రాముల కాస్టిక్. పది కిలోలకు పదమూడు వందల అరవై.”

“బండ మీద రాస్తే సబ్బు గట్టిపడ్తదా?”

“పడ్తది.”

“పడకుంటే?”

బాలలక్ష్మి తండ్రి కళ్ళలోకి చూసింది. “పడకుంటే కాలేజీ బంద్ చేస్త. బిచ్కుందోళ్ళు చూడనీకి వస్తే తల వంచుకొని కూసుంట. పడితే మాత్రం నా సదువు అయ్యేదాంక పెండ్లి మాట ఎత్తొద్దు.”

భూదవ్వ చేతిలో కట్టె ఆగిపోయింది. బిచ్కుంద సంబంధం కోసం మైసన్న ఎంత ఆరాటపడుతున్నాడో ఆమెకు తెలుసు.

“సరే,” అన్నాడు మైసన్న. “సదాశివనగర్ దుకాణానికి ఇయ్యాల్సిన కడాయి నీదే.”

ముందుగా కొద్ది నూనెతో చేసి చూసింది. మర్నాటికి సబ్బు కోవాలా మెత్తగా ఉంది, పైన నూనె మెరుస్తోంది. లెక్క మళ్ళీ వేసింది. ఎక్కడా తప్పు లేదు. అయితే నూనెలోనే ఏదో ఉండాలి.

నూనె వచ్చేది ఎల్లారెడ్డిలో సీతారాం వాళ్ళ గానుగ నుంచి. సీతారాం ఆమె క్లాసే.

“నూనెల ఏం గలిపిండ్రు?” కాలేజీ వరండాలో నిలదీసింది.

అప్పుడే బస్సు దిగి, వానకు తడిసిన తల తుడుచుకుంటున్న సీతారాం చెయ్యి ఆగింది. “మెల్లగ. మా బాపు విన్నడంటే పంచాయితి వెడ్తడు. ఏం గలపలె.”

“మరి సబ్బు ఎందుకు గట్టిపడ్తలేదు?”

“మూడుతోటి గుణించుడు మరిచినవేమో.”

“మొన్న మరిచింది నువ్వు. సారు నిలబెట్టింది నిన్ను.”

“నిలబడితే నన్నే చూసినవన్నట్టు!”

బాలలక్ష్మికి చెవులు వేడెక్కాయి. “నీ నూనె ముచ్చట చెప్పు ముందుగాల.”

“నా నూనె మంచిదే. మీ కాస్టిక్ డబ్బ ఏడ పెడ్తరు?”

“పెరట్ల, చూరు కింద. మా నాయనమ్మ పొద్దుగాల మూత తీసి...” ఆమె మాట మధ్యలోనే ఆగింది.

నాయనమ్మ ఎంకవ్వకు అదొక పట్టింపు. గాటు లోపలే ఉంటే డబ్బా పగులుతుందని రోజూ మూత తీసి పెడుతుంది. ఇదేమో వానాకాలం.

“అది గాలిల తేమ పీల్చుకుంటది!” అంది బాలలక్ష్మి. “నేను తూచింది ఒక్క కాస్టిక్ కాదు, నీళ్ళు గూడ. బాపు వానలల్ల పిడికెడు ఎక్కువేసేది గందుకే. కొత్త డబ్బ ఇప్పినప్పుడు గూడ అదే అలవాటుల ఎక్కువేసిండు, తాడ్వాయి ఆమె చేతులు పొక్కినయ్.”

సీతారాం నవ్వాడు. “మరి నా నూనెను తిట్టినందుకు?”

“రేపు చెప్త.”

మర్నాడు ఆమె డబ్బాలోంచి కొంత సీసాలో తెచ్చింది. సారును అడిగి ఇద్దరూ ల్యాబులో నిలబడ్డారు. ఫ్లాస్కులో కాస్టిక్ నీళ్ళు ఇండికేటర్ చుక్కతో గులాబీరంగులో ఉన్నాయి. సీతారాం పైనుంచి ఒక్కొక్క చుక్క యాసిడ్ వదులుతున్నాడు.

“ఆపు, రంగు పోయింది! ఎటు చూస్తున్నవ్?”

“రంగునే చూస్తున్న.”

“రంగు ఫ్లాస్కుల ఉంటది. నా మొఖం మీద కాదు.”

“ఇప్పుడొచ్చింది.”

రంగు పోవడానికి పట్టిన యాసిడ్‌ను బట్టి ఆమె తల ఎత్తకుండా లెక్క వేసింది. వంద గ్రాములు తూస్తే అందులో అసలు కాస్టిక్ ఎనభయ్యే. పదమూడు వందల అరవై దక్కాలంటే పదిహేడు వందలు తూచాలి. ఇంటికెళ్ళి డబ్బా మూత బిగించి, మళ్ళీ నాయనమ్మను తీయనివ్వలేదు.

ఆదివారం సీతారాం ఎల్లారెడ్డి బస్సు మీద నూనె డబ్బాతో దిగాడు. డబ్బా దించి, వెళ్ళిపోకుండా కడాయి తిప్పే తెడ్డు అందుకున్నాడు. మైసన్న గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తున్నాడు. వాన జల్లు పెద్దదై ఆయన లోపలికి తప్పుకున్నాడు. చూరు కింద ఇద్దరే మిగిలారు.

“ముందు ఈ డబ్బ మా పనాయన తెస్తుండె,” అన్నాడు సీతారాం మెల్లగా. “నేనెందుకు మోస్తున్ననో తెలుసా?”

“తెలుసు.”

“తెలిసి గూడ కల్తీ అన్నవా?”

“దొంగచూపులు చూసేటోడు నూనె మంచిది తెస్తడని ఎట్ల నమ్మాలె?”

“ఇప్పుడు?”

“తెడ్డు ఆపకు. అడుగంటుతది.” కాస్టిక్ నీళ్ళు ఇంకొంచెం పోసి తనే అంది: “నువ్వు ఇంటికొచ్చి అడిగేదాంక చూస్తె, బిచ్కుందోళ్ళు పందిరేస్తరు. నేనే చెప్త.”

తెడ్డు ఆగనే ఆగింది.

సబ్బు కోసే రోజు ఖాళీ డబ్బా వంకతో సీతారాం వచ్చాడు. బాలలక్ష్మి పెట్టె బోర్లించింది. సబ్బు దిమ్మ ఇటుకలా దిగింది. మైసన్న గోటితో నొక్కి చూశాడు. దిగలేదు. చివర తుంచి, కాస్టిక్ మిగిలిందేమోనని నాలుకకు తాకించాడు.

“సురుక్కుమంటలేదు,” అన్నాడు, నమ్మలేనట్టు. ఇంకోసారి తాకించాడు. “మంచిగయ్యింది, బిడ్డ.”

ఎంకవ్వ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. “గాటు పోకుంట గూడ డబ్బ పగుల్లేదు!”

ఆ మధ్యాహ్నం భూదవ్వ సీతారాంను తినకుండా కదలనివ్వలేదు. అందరూ వరసగా కూర్చున్నారు. బాలలక్ష్మి వడ్డిస్తోంది.

“ఇచ్చిన మాట మాటే,” అన్నాడు మైసన్న ముద్ద కలుపుతూ. “నీ సదువు అయ్యేదాంక బిచ్కుందోళ్ళు ఆగుతరు.”

“ఆగనియ్యకు బాపు. పాపం, ఆళ్ళకు ఇంకో పిల్లను చూసుకోమని చెప్పు.”

మైసన్న తలెత్తాడు. సీతారాం ముద్ద నోటిదాకా వెళ్ళి నిలిచింది. బాలలక్ష్మి పప్పుగిన్నె కింద పెట్టి, తల్లినీ నాయనమ్మనూ కూడా ఒకసారి చూసి, గొంతు పెంచకుండానే చెప్పింది:

“సదువైనంక నేను సీతారాంను చేసుకుంట. ఎల్లారెడ్డికి అడగనీకి నువ్వు పోతవా బాపు, నన్ను పొమ్మంటవా?”