తెల్లకొండ మీద నాలుగు బొగ్గులు

"చేతులు పైకెత్తు" అన్నాడు వెంకటేశ్వర రావు.

భానుతేజ ఎత్తాడు. మెడలో టేపు వేసుకున్న ఆ దర్జీ అతని ఛాతీ కొలత తీస్తూ, తల ఎత్తకుండానే మాట్లాడాడు. మస్కట్ హమ్రియా పేటలో అందరికీ ఆయన ప్యాంట్లు కుట్టే రావు గారు. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకి మాత్రం మస్కట్ స్టేషన్ చీఫ్.

"రాడార్ ఇంజనీరు జితేందర్. సెలవులకి ఇక్కడ చెల్లెలింటికి వచ్చాడు. బుధవారం పొద్దున పాలకని మెట్లు దిగాడు. మళ్ళీ ఎక్కలేదు."

"ఎవరి పని?"

"పగడం ముఠా. వీళ్ళకి ఫలానా దేశమని లేదు. ఎవరికి అవసరమైతే వాళ్ళకి మనుషుల్ని అమ్ముతారు. ఈ సాయంత్రం ఐదింటికి స్పీడ్ బోటు ఎక్కిస్తారు. ఎక్కించారా, ఆ మనిషి ఇక మనకి దొరకడు. మన తీరం రాడార్ల గుట్టంతా అతని తలలో ఉంది."

"ఏ బీచ్ నుంచి?"

"అదే నీ మిషన్. ఖురియాత్ రేవు దాటాక అంతా తెల్ల సున్నపురాతి కొండలు. కింద గులకరాళ్ళ బీచ్‌లు, నలభై దాకా. దేనికీ దేనికీ తేడా తెలియదు. ఖురియాత్‌లో పోలీసు లాంచీ సిద్ధంగా ఉంటుంది. ఏ బీచో నువ్వు చెప్పగానే బయలుదేరుతుంది." రావు గారు బల్ల కింద నుంచి ఒక టీ ఫ్లాస్కు తీశాడు. "పైన టీ. అడుగున రేడియో. మూత ఎడమవైపు తిప్పితే నాకు వినిపిస్తావు."

"నా కవర్?"

"సర్వేయరువి. టూరిస్టుల కోసం కిందటేడు ఒక కంపెనీ కొండ అంచున నడకదారి వేసింది. వంద అడుగులకో రాళ్ళ కుప్ప, దాని మీద పసుపు గీత. ఆ కుప్పలు పేర్చిన పోచన్న నీ సామాను మోస్తాడు. మెట్‌పల్లి వైపు మనిషి. వాడికేమీ తెలియదు. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. దారిలో కలుస్తుంది."

"నమ్మొచ్చా?"

టేపు చుట్టేస్తూ రావు గారు అన్నాడు. "రెండు వైపులా పనిచేసే మనిషి. సగం నమ్ము."

*

ఒంటిగంటకి నడకదారి మొదట్లో నీళ్ళ ట్యాంకు నీడన ఆమె నిలబడి ఉంది. తెల్ల స్కార్ఫు, నల్లద్దాలు, కాళ్ళకి ఖరీదైన బూట్లు. పక్కన అత్తరు వాసన.

"ఖురియాత్‌లో ఈసారి చేపలు చిన్నవి" అంది.

"ముళ్ళు మాత్రం పెద్దవే" అన్నాడు భానుతేజ.

"శ్రీవాణిని. పదండి. బీచ్ నాకు తెలుసు."

జనవరి ఎండ సున్నపురాతి మీద పడి కళ్ళలో గుచ్చుకుంటోంది. కుడివైపు బోడికొండ. ఎడమవైపు రెండు వందల అడుగుల కింద సముద్రం. మధ్యలో దారి ఒక మనిషికి సరిపోయేంత. ముందు శ్రీవాణి, వెనక భానుతేజ, ఆ వెనక నీళ్ళ క్యాను, టీ సామాను మోస్తూ పోచన్న.

గంటన్నర నడిచాక పోచన్న ఆగిపోయాడు.

"సారు, గిది నా తొవ్వ కాదు."

"కుప్పలు కనిపిస్తున్నాయిగా?"

"కుప్పలు నావే. తొవ్వ నాది కాదు."

శ్రీవాణి నవ్వింది. "ఎన్ని కుప్పలు పెట్టావు పోచన్నా?"

"నూట నలభై, మేడం."

"నూట నలభైలో ఏది ఎక్కడుందో అంతా గుర్తేనా? మా ఇంట్లో తాళాలు ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండదు."

భానుతేజ వాచీ చూసుకున్నాడు. రెండున్నర. "నడువు పోచన్నా. టైం లేదు" అన్నాడు. తర్వాత ఆ మాట అతన్ని చాలాసేపు కుట్టింది.

చివరి కుప్ప కొండ అంచున ఉంది. అక్కడి నుంచి ఒక తాడు నిచ్చెన కిందికి వేలాడుతోంది.

"ఇదే బీచ్. దిగి చూసి రేడియోలో చెప్పండి" అంది శ్రీవాణి. "బ్యాగు ఇలా ఇవ్వండి. అది భుజాన ఉంటే నిచ్చెన ఊగుతుంది. తర్వాత తాడు కట్టి దింపుతాను."

బ్యాగులో పిస్టల్ ఉంది. సగం నమ్ము అన్నాడు రావు గారు. ఏ సగమో చెప్పలేదు. భానుతేజ బ్యాగు ఇచ్చాడు.

అతనూ పోచన్నా దిగారు. కాళ్ళు గులకరాళ్ళకి తగలగానే నిచ్చెన పైకి లేచిపోయింది.

పైనుంచి తెల్ల స్కార్ఫు తొంగిచూసింది. "క్షమించండి భానుతేజ గారూ. నాలుగున్నరకి నీళ్ళు కొండ మొదలుదాకా వస్తాయి. ఈత వచ్చా?"

స్కార్ఫు మాయమైంది.

*

భానుతేజ మెడలో వేలాడుతున్న ఫ్లాస్కు మూత ఎడమవైపు తిప్పాడు. గరగర. మూడు వైపులా నిలువుకొండ, మాట ఎటూ పోవడం లేదు. మళ్ళీ తిప్పాడు. టీ ఒలికింది.

పోచన్న దాన్ని చూశాడు. "సారు, మీరు సర్వేయరు కాదా?"

"కాదు."

"నేననుకున్న. సర్వేయరు గిన్ని తాపలు వాచీ చూడడు. సైటుకు వచ్చిన కాన్నుంచి చాయ ఎప్పుడని అడుగుతడు."

భానుతేజ జితేందర్ సంగతి చెప్పాడు. ఐదింటికి బోటు సంగతీ చెప్పాడు. పోచన్న ఒక రాయి మీద కూర్చున్నాడు.

"ఆయనకు పిల్లలున్నరా?"

"ఇద్దరు."

"మా తమ్ముడు గట్లనే పోయిండు సారు. సైటుకని ఎవలదో బండి ఎక్కిండు. మూడేండ్లాయె, జాడ లేదు." పోచన్న లేచి నిలబడ్డాడు. "నడువుండ్రి. గీ దరికి నేనొక్కసారి వచ్చిన. పై నుంచి పాయలకెళ్ళి దిగినం. గా పాయ దొరుకుతె ఎక్కొచ్చు."

కానీ కొండ నిండా పాయలే. నీళ్ళు కోసిన సన్నటి చీలికలు, లెక్కపెడితే తొమ్మిది. అన్నీ తెలుపే, అన్నీ ఒకే వెడల్పు. మొదటిదాంట్లో యాభై అడుగులు పోయేసరికి గోడ. రెండోదాంట్లో భుజాలు ఇరుక్కున్నాయి. భానుతేజ చొక్కా చింపుకుని వెనక్కి వచ్చేసరికి బీచ్ సగమైంది. అల వెనక్కి పోయినప్పుడల్లా గులకరాళ్ళు కిందికి దొర్లుతూ పళ్ళు కొరికినట్టు చప్పుడు. మూడోదీ గోడే. మూడు ముప్పావు. తల ఎత్తితే ఆకాశం పళ్ళెమంత.

"ఇక్కడ కూడా కుప్పలు పెట్టావా?"

"పెట్టిన. పాయ మొగదల ఒకటి, లోపట మూడు. ఒక్కటి లేదు. ఎత్తుకపోయిన్రు. పైన తొవ్వ కుప్పలు సుత జరిపిన్రు."

"రాళ్ళు తీసేస్తే ఇక గుర్తేముంది?"

పోచన్న అతని వైపు తిరిగాడు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"సారు, మా నాయిన ఊరికి సుంకరి. హద్దురాయి పాతుడు ఆయన పని. రాయి పాతేముందు కింద నాలుగు బొగ్గులు ఎయ్యాలె. పక్క చేనోడు రాత్రికి రాత్రి రాయి జరుపుతడు. బొగ్గు సంగతి వానికి ఎర్క ఉండది. మట్టిల బొగ్గు కుళ్ళది. రేపు పంచాయితీల తవ్వితె ఏడ బొగ్గుంటె ఆడనే హద్దు. నేనేడ రాయి పెట్టినా కింద చాయపొయ్యి బొగ్గులు నాలుగు ఏస్త. ఫోర్‌మన్ నవ్వేటోడు."

"నూట నలభై కుప్పల కిందా?"

"అన్నిట్ల కింద. రాయి జరుగుతది సారు. బొగ్గు జరగది."

ఇద్దరూ మోకాళ్ళ మీద పడ్డారు. ఒక్కో పాయ ముందు గులకరాళ్ళు చేతులతో తోడారు. నాలుగో పాయ, ఏమీ లేదు. ఐదు, లేదు. భానుతేజ గోళ్ళ కింద రక్తం. ఆరో పాయ దగ్గర అల వచ్చి తోడిన గుంటని పూడ్చేసింది. నడుము దాకా తడి. ఎనిమిది, తొమ్మిది ముందే నీళ్ళలో మునిగాయి. వాటిలో ఏదన్నా అయితే ఇక అంతే.

ఏడో పాయ. తెల్లరాతి నెర్రెలో భానుతేజ వేలు గుచ్చి బయటికి తీశాడు.

వేలు నల్లగా ఉంది.

*

పాయ లోపల చీకటి, చల్లదనం. ఒక్కో మలుపులో రెండు మూడు దారులు. ప్రతిచోటా పోచన్న నేల తడిమాడు. నలుపు అంటిన వైపే ఎక్కారు. కింద నీళ్ళు పాయలోకి తోసుకొస్తున్న చప్పుడు వెంటాడింది. నాలుగున్నర దాటాక వాళ్ళ తలలు ఎండలోకి వచ్చాయి.

ఎదురుగా, కింద, ఇంకో బీచ్. గులకరాళ్ళ మీద నలుగురు. తెల్ల స్కార్ఫు, తుపాకులతో ఇద్దరు, వాళ్ళ మధ్య చేతులు కట్టేసిన మనిషి.

భానుతేజ మూత తిప్పాడు. బీచ్ గుర్తులు చెప్పగానే ఈసారి రావు గారు పలికాడు. "లాంచీ బయలుదేరింది. నలభై నిమిషాలు."

"బోటుకి ఇరవయ్యే ఉంది సార్."

"అయితే ఇరవై నిమిషాలు ఎక్కడి నుంచైనా పుట్టించు" అన్నాడు రావు గారు.

పోచన్న చూపు వేరేచోట ఉంది. కొండ మీద రెండు రాళ్ళ కుప్పలు, ఒకటి కింద అంచున, ఒకటి పైన. రెంటికీ ఎర్రరంగు.

భానుతేజకి అర్థమైంది. నీళ్ళ కింద రాతిగట్లు. మధ్యలో సన్నటి దారి. బోటు నడిపేవాడు ఈ రెండు కుప్పల్నీ ఒక వరసలో పెట్టుకుని లోపలికి వస్తాడు. బీచ్ మీద ఉన్నవాళ్ళకి పై కుప్ప కనిపించదు.

"పోచన్నా, పై కుప్పని ఇరవై అడుగులు పక్కకి జరపాలి."

పోచన్న కదల్లేదు. "పాతిన రాయి జరుపుడు పాపం సారు. మా ఇంట వంట ఎవలు ఆ పని చెయ్యలే."

దూరంగా ఇంజను శబ్దం.

"జితేందర్ పిల్లలు..."

"ఆగుండ్రి సారు." పోచన్న కుప్ప దగ్గర కూర్చుని ఒక రాయి తిప్పాడు. లోపలివైపు పసుపు గీత. తను గీసినదే, ముఠా ఎత్తుకొచ్చిన రాయి. అడుగురాయి ఎత్తి నేల మీద వేళ్ళు రాశాడు. వేళ్ళు చూసుకున్నాడు. తెల్లగా ఉన్నాయి.

"బొగ్గు లేదు" అన్నాడు. అతని ముఖం తేటపడింది. "గిది హద్దురాయి కాదు సారు. ఉత్త రాయి. పట్టుండ్రి."

బోటు మలుపు తిరిగేసరికి చివరి రాయి ఇంకా వాళ్ళ చేతుల్లో ఉంది. దాన్ని పెట్టి నేలకి అతుక్కుపోయారు. బోటు ముక్కు అటూ ఇటూ ఊగింది. రెండు ఎర్రకుప్పలూ వరసలోకి వచ్చేదాకా వెతుక్కుంది. దొరికింది. నేరుగా దూసుకొచ్చింది.

చప్పుడు చిన్నదే. కుండ పగిలినట్టు. బోటు రాతిగట్టు మీద పక్కకి ఒరిగి అక్కడే ఉండిపోయింది.

బీచ్ మీద తుపాకులవాళ్ళు అరుచుకుంటూ నీళ్ళలోకి దిగారు. బోటు దాకా పోలేక, వెనక్కి వచ్చారు. పైకి ఉన్నది ఒక్కటే మెట్లదారి. దాని నెత్తిన గుమ్మడికాయంత రాయి ఎత్తి పట్టుకుని పోచన్న నిలబడ్డాడు. పైకి పేల్చిన రెండు తూటాలు కొండకి తగిలి సున్నం రాల్చాయి. అంతే. జితేందర్‌ని వాళ్ళేమీ చెయ్యలేదు. బతికున్న ఇంజనీరుకే విలువ.

భానుతేజ అంచు మీద నుంచి తొంగిచూశాడు.

"శ్రీవాణి గారూ! నీళ్ళు పెరుగుతున్నాయి. ఈత వచ్చా?"

ఆమె నల్లద్దాలు తీసింది. అటు లాంచీ పొగ కనిపించింది. ఇటు పోచన్న చేతిలో రాయి కనిపించింది. ఒక్క క్షణం ఆలోచించి, జితేందర్ చేతుల కట్లు తనే విప్పడం మొదలుపెట్టింది.

"నేను మొదటి నుంచీ మీ వైపే కదా!" అని కేకేసింది.

*

మర్నాడు హమ్రియాలో రావు గారు కుట్టుమిషను మీద కాగితం పెట్టుకుని రిపోర్టు నింపుతున్నాడు. బల్ల మీద పోచన్న తెచ్చిన టీ.

"మిషన్‌లో వాడిన పరికరాలు అని ఒక గడి ఉంది" అన్నాడు. "ఫ్లాస్కు రేడియో అని రాయనా?"

"అది కింద పలకలేదు సార్. బొగ్గు అని రాయండి."

రావు గారు రాయలేదు. కళ్ళద్దాల మీదుగా పోచన్నని చూశాడు.

"పోచన్నా, ఢిల్లీలో మన ఆఫీసుకి ఒక హద్దురాయి పాతాలి. వస్తావా?"

"వస్త సారు" అన్నాడు పోచన్న. "ముందుగాల మీ వాళ్ళు ఎవలు ఎటువైపో చెప్పుండ్రి. హద్దు ఏడ పెట్టాల్నో నాకెర్క కావద్దా?"