అత్తగారి తవుడు జాడీ

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే సుమయె గారు చేతికర్ర ఊతంతో వంటింట్లోకి నడిచి తవుడు జాడీ మూత తీశారు. జపాన్‌లోని ఆ కొకురా ఊళ్లో పాత ఇళ్లలో అలాంటి జాడీ ఒకటి ఉండాల్సిందే. ఉప్పు కలిపి పులియబెట్టిన తవుట్లో దోసకాయ పాతితే మర్నాటికల్లా ఊరి కూచుంటుంది. ఆ తవుణ్ణి రోజూ వట్టి చేత్తో అడుగుదాకా కలపాలి, లేకపోతే పాడైపోతుంది. ఈ తవుడు సుమయె గారి అమ్మమ్మ చేత్తో మొదలైంది. పెళ్లినాడు ఆవిడ ఈ జాడీని ఒళ్లో పెట్టుకుని మరీ ఈ ఇంటికి తెచ్చుకున్నారు.

మూత తియ్యగానే తడి మేజోళ్ల కంపు గుప్పుమంది.

"ఒరేయ్ కోహెయ్! ఇలా రా!"

పళ్లు తోముకుంటున్న కొడుకు బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా, మళ్లీ పడ్డావా?"

"నేను పడలేదు, నా జాడీ పాడైంది. వాసన చూడు."

"బాబోయ్! ఎవరి మేజోళ్లమ్మా ఇవి?"

"నవ్వకు. మీ ఆవిణ్ణి పిలు."

చిజురు బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరబోతోంది. విశ్వవిద్యాలయంలో ఆమె కలరా బ్యాక్టీరియా మీద పరిశోధన చేస్తుంది, పాఠాలు చెబుతుంది.

"నేను లేనన్నాళ్లూ దీన్ని కలిపావా?"

"రెండు పూటలా కలిపానత్తయ్యా."

"దేంతో?"

చిజురు బ్యాగులోంచి రబ్బరు తొడుగులు తీసి చూపించింది. సుమయె గారు వాటిని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇవి మణికట్టు దాకానే ఉన్నాయి. జాడీ మోచేతి లోతు. మరి అడుగు ఎవరు తిప్పారమ్మా, దెయ్యాలా?"

"తొడుగు తడుస్తుందేమోనని పైపైనే..."

"పగలంతా ఊళ్లో లేని పురుగుల్ని పసిపిల్లల్లా సాకుతావు. మా అమ్మమ్మ ఇచ్చింది ముట్టుకోవాలంటే నీకు అసహ్యం! పెళ్లయినప్పట్నుంచీ చూస్తున్నా. ఒక్కనాడు నీ చేత్తో నాకు అన్నం ముద్ద చేసి పెట్టావా? నా వంటిల్లు నీకు అంత మురికైతే, మీరిద్దరూ వేరే ఇల్లు చూసుకోండి."

కోహెయ్ నోట్లో బ్రష్షు ఆగిపోయింది. "అమ్మా, ఏం మాటలవి?"

చిజురు బ్యాగు కింద పెట్టేసింది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

"అసహ్యం కాదత్తయ్యా, భయం. చదువుకునే రోజుల్లో నా పక్క బల్ల అమ్మాయి ఏమరుపాటున జబ్బు ఇంటికి మోసుకెళ్లింది. వాళ్లమ్మ చావు దాకా వెళ్లి వచ్చింది. ఆ పిల్ల చదువే మానేసింది. మా దగ్గర అన్ని జాగ్రత్తలూ ఉన్నాయి, ఏదీ గడప దాటి రాదు, తెలుసు. అయినా మీరు తినేదాంట్లో చెయ్యి పెట్టబోతే నా చెయ్యి వెనక్కొచ్చేస్తుంది."

సుమయె గారికి తను మెట్ల మీద పడిన రోజు గుర్తొచ్చింది. ల్యాబు నుంచి అలాగే పరిగెత్తుకొచ్చి తనను ఎత్తుకున్న కోడలు, అంబులెన్సులో ఏడుస్తూ తన చేతుల్ని స్పిరిట్‌తో తుడిచి తుడిచి పెట్టింది. నన్ను ముట్టుకోవడం కూడా మైలేనా అని ఆవేళ ఆవిడ ఎంత కుమిలిపోయారో! ఆ పిల్ల తుడిచింది అత్తగారి చేతుల్ని కదా, సొంత చేతుల్ని కాదే; అత్తగారికి ఏమీ అంటకూడదనే కదా.

ఆవిడ తొడుగుల్ని గట్టు మీద పెట్టి కోడలి వైపు తిరిగారు.

"సరే గానీ, నీ కలరా పురుగు పులుపులో బతుకుతుందా?"

"బతకదు. పులుపులో అదెలా చస్తుందో నేనే వ్యాసం రాశాను."

"అచ్చేశారా?"

"వేశారు."

"లోకమంతా నమ్మింది, రాసినదానివి నువ్వు నమ్మవా?"

కోహెయ్ నవ్వు ఆపుకోలేక నోట్లో నురగంతా అమ్మ ఏప్రన్ మీద చిమ్మాడు. "పోరా అవతలికి!" అని ఆవిడ కర్ర ఎత్తారు. ఏడుస్తున్న చిజురు కూడా నవ్వేసింది.

చేతులు కడుక్కుని, చొక్కా చేతులు పైకి మడిచింది. స్పిరిట్‌కి ఎండి బీటలు వారిన ఆ వేళ్లని సుమయె గారు మొదటిసారి దగ్గరగా చూశారు.

"అయ్యో తల్లీ! ఉప్పు మండుతుందే."

"మండనివ్వండి."

పైన రంగు మారిన తవుడు తీసేసి, కొత్త తవుడూ ఉప్పూ వేశారు. చిజురు చెయ్యి మోచేతి దాకా దిగింది. నడుం వంచలేని అత్తగారు ఆమె భుజం పట్టుకుని నిలబడ్డారు.

"తవుడు చావలేదే పిల్లా. పైనైనా నువ్వు కలిపావు కాబట్టే ప్రాణం నిలిచింది. ఇన్నాళ్లూ నన్ను కాచుకుంటూ తిరిగావన్నమాట. నాకు తెలియనే లేదు తల్లీ. నీ రుణం ఎలా తీర్చుకోను?"

చిజురు కళ్లు తుడుచుకోబోయింది. రెండు చేతులకూ తవుడే. సుమయె గారు తన ఏప్రన్‌కి నురగ పడని అంచుతో ఆమె చెంపలు తుడిచారు.

"అడుగు తగిలిందా?"

"తగిలిందత్తయ్యా."