సైడుకారులో బరువు

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, డెబ్భై తొమ్మిదిలో జగ్గయ్యపేటకి ఆ ఉలిపికట్టె తిరుపతిరావు. తోటి రైతులంతా నీళ్ల ఇంజన్ల కోసం తిరుగుతుంటే, ఈయన హైదరాబాదులో మిలిటరీ వాళ్ల వేలానికి పోయి, పక్కన తొట్టి ఉన్న పాత మోటారుసైకిలొకటి లారీలో వేయించుకొచ్చాడు. దాన్ని సైడుకారు అనాలని ఆయన, తొట్టిబండేగా అని ఊరు. ఆ తగువు ఎప్పటికీ తేలలేదు.

సోకుకి కొన్నాడనుకునేరు, పాపం, కాదు. ఆయన భార్య పుష్పవతికి మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. నందిగామ ఆసుపత్రికి బస్సులో పోతుంటే ఆ గతుకులకే పోయిందని తిరుపతిరావు నమ్మకం. కాదయ్యా మొర్రో అని డాక్టరమ్మ మొత్తుకున్నా చెవికెక్కితేనా! ఇన్నేళ్లకి మళ్లీ నెల తప్పింది. ఈసారి తన భార్య మెత్తటి సీట్లో కాళ్లు చాపుకుని, అరచేతిలో పెట్టుకు తీసుకెళ్లినట్టు వెళ్లాలి. పంతం అంటే అదీ.

తెచ్చిన రోజే ఖాళీ తొట్టితో సెంటర్లో ఎడమకి తిప్పాడు. పక్క చక్రం అమాంతం గాల్లోకి లేచింది. బండి కుడికి ఒరిగి కిళ్లీకొట్టు మీదికి పోయింది. "విమానం కొన్నావేంటి బావా!" అని జనం ఒకటే నవ్వు.

మెకానిక్కు బసవయ్య మాత్రం నవ్వలేదు. "తొట్టి ఖాళీగా ఉంటే ఎడమ మలుపులో లేస్తదండి, దాని గుణమే అంత. లోపల బరువుండాలి. అమ్మగారిని ఓసారి కూర్చోబెట్టండి, ఆ బరువుకి సరిపడా బిగిస్తా."

"చూలాలిని తెచ్చి నీ షెడ్డులో బొమ్మలా కూర్చోబెట్టమంటావా? బుద్ధుందా?"

"అయితే ఆవిడంత బరువు ఇసక తెండి."

ఇసక పని ఇంకొకరికి చెప్పబుద్ధి కాలేదు తిరుపతిరావుకి. తనే ఎడ్లబండి కట్టుకుని పాలేటి రేవుకి పోయాడు. ఆ ఏడు నీళ్లు బాగా వెనక్కి పోయి, ఒడ్డున ఒకచోట పొడి ఇసక జల్లెడ పట్టినట్టు మెత్తగా ఉంది. అక్కడే బస్తా నింపాడు. నింపి, షెడ్డుకి తెచ్చి, తొట్టిలో మనిషిలా నిలబెట్టి, జారకుండా పుష్పవతి పాత చీర చుట్టి కట్టాడు.

ఇక బసవయ్య పని మొదలు. చక్రాల వెంట సరుగుడు వాసాలు పెట్టి వరస చూసుకుని, పక్క చక్రం ముందువైపు రవ్వంత లోపలికి చూసేలా తిప్పాడు. బండిని కుడికి కాస్త వాల్చి నట్లు బిగించాడు. రోజూ సాయంత్రం ఆ బస్తాతో చిల్లకల్లు దాకా పోయి రావడం, మళ్లీ సరిచేయడం. గేరు వేస్తే తొట్టి వెనక్కి గుంజుతుంది, బ్రేకు వేస్తే ముందుకి తోస్తుంది. ఆ గుంజుళ్లన్నీ తిరుపతిరావు చేతులకి అలవాటయ్యాయి. నోటికి ఇంకొకటి అలవాటైంది. గతుకొచ్చినప్పుడల్లా పక్కకి తిరిగి, "గట్టిగా పట్టుకో, భయపడకు, నేనున్నాగా," అనేవాడు. భార్యని తీసుకెళ్లేటప్పుడు ఎట్లా చెప్పాలో సాధన అన్నమాట! చీర చుట్టుకున్న బస్తా బుద్ధిగా వినేది.

బిగింపు కుదిరాక బస్తా ఇంటికి తెచ్చి పెరట్లో గుమ్మరించాడు. తల్లి సౌభాగ్యమ్మ చూసి దగ్గరికొచ్చింది. ఇసకలో నల్లగా నువ్వులు. మెతుకులు. పసుపు మరకలున్న, గుప్పెట్లో పట్టేంత రాయి ఒకటి.

"ఈ ఇసక ఎక్కడిదిరా?"

"రేవులోదే అమ్మా."

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ! అది ధర్మోదకాలు వదిలే చోటురా!" ముసలమ్మ గొంతు తగ్గించింది. "మొన్న చిల్లకల్లు పిల్ల పురిట్లో పోయిందే... బిడ్డా దక్కలేదు... ఆ పిల్ల దినం అక్కడే చేశారు. ఇది ఆ పిల్లని ఆవాహన చేసిన కర్మరాయి. నీళ్లలో వదలాల్సింది, నీళ్లు లేక ఇసకలో ఉండిపోయింది. పుష్పతో అనకు. నీ నోరు కుట్టేసుకో."

వెంటనే ఇసకంతా మళ్లీ బస్తాకెత్తించి, రాయితో సహా ఎడ్లబండి మీద పంపి, మడుగులో వేయించింది. ఇంటికి పసుపునీళ్లు చల్లింది. హమ్మయ్య అనుకున్నారు తల్లీకొడుకులు. రాయి పోయింది. ఇసకా పోయింది.

మర్నాడు తిరుపతిరావు ఖాళీ తొట్టితో బయలుదేరాడు. సెంటర్లో ఎడమకి తిప్పుతూ, చక్రం లేస్తుందని ఒళ్లు బిగబట్టుకున్నాడు. లేవలేదు. ఇంకోసారి, ఇంకాస్త వేగంగా తిప్పాడు. లేవలేదు.

"నా చెయ్యి పడితే అంతేనండి!" అని బసవయ్య మీసం తిప్పాడు.

తిరుపతిరావుకి మాత్రం ఆ బిగింపు గొప్పతనం ఎందుకో మింగుడు పడలేదు. తొట్టిలో సాంబ్రాణి వాసన కూడా వేస్తోంది. పెట్రోలు వాసన రావాల్సిన చోట సాంబ్రాణి, వాము... బాలింత గదిలో వచ్చే వాసన. తొట్టి కడిగించాడు. ఎండబెట్టించాడు. ఆ బండిలో భార్యని ఎక్కించకూడదని ఆ పూటే మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

తానొకటి తలిస్తే దైవం ఇంకొకటి తలుస్తుంది. మార్గశిరంలో ఒక తెల్లవారుజామున పుష్పవతి లేపింది. మొహం పాలిపోయి ఉంది.

"ఏవండీ... రాత్రి నుంచీ కదలట్లేదండీ."

ఎనిమిదో నెల. కారున్న ఇంటికి పరిగెత్తితే కారు బెజవాడ పోయిందన్నారు. బస్సు ఇంకా పొద్దెక్కాకగానీ లేదు. అవసరానికి ఆ తొట్టిబండే దిక్కయింది. సౌభాగ్యమ్మ దణ్ణాలు పెడుతూ కోడల్ని ఎక్కించి, వెనక బస్సుకి వస్తానంది.

ఊరు దాటేసరికి మంచు ముంచుకొచ్చింది. రోడ్డు లేదు. చెట్లు లేవు. దీపం వెలుగు పచ్చగా ముందు చక్రం దగ్గరే చచ్చిపోతోంది. ఎదురొచ్చే లారీల మోత ముందు వినిపించి, దీపాలు మీదికొచ్చాకే కనిపిస్తున్నాయి. చిల్లకల్లు దాటుతుంటే తొట్టి మరీ బరువుగా గుంజింది. అన్నాళ్లు బస్తాతో తిప్పిన చేతులు అవి, ఒక మనిషి బరువెంతో వాటికి తెలుసు. ఇది ఒక్క మనిషి బరువు కాదు.

సాంబ్రాణి వాసన గుప్పుమంది.

పక్కకి చూడకూడదనుకున్నాడు. చూశాడు. పుష్పవతి ఒక అంచుకి ఒదిగి కూర్చుని ఉంది. రెండోవైపు సీటంతా ఖాళీ.

"సరిగ్గా కూర్చో పుష్పా... ఎందుకట్లా ఇరుక్కున్నావు?"

"కాస్త జరగమని చెప్పండి," అంది మెల్లగా.

"ఎవర్ని?"

"ఈవిడ్ని..."

తిరుపతిరావు పైప్రాణాలు పైనే పోయాయి. ఆపితే? ఈ మంచులో ఆపి ఎవర్ని దింపుతాడు? ఆలస్యమైతే బిడ్డేమవుతుంది? ముందు నుయ్యి, వెనక గొయ్యి. పళ్లు బిగించి యాక్సిలేటరు తిప్పాడు. గౌరవరం... నవాబుపేట... తల పక్కకి తిప్పలేదు. పక్క నుంచి మాత్రం గుసగుస వినిపిస్తూనే ఉంది. పుష్పవతి "ఊఁ... ఊఁ..." అని ఊఁకొడుతోంది. దేనికి ఊఁకొడుతోందో అడిగే ధైర్యం ఆయనకి లేదు.

నందిగామ ఆసుపత్రిలో నర్సు లూర్దమ్మ ఎదురొచ్చి పుష్పవతిని లోపలికి నడిపించుకుపోయింది. కాసేపటికి బయటికొచ్చింది.

"గుండె కొట్టుకుంటోందండి, నీరసంగా ఉంది. కదలికే లేదు. డాక్టరమ్మ గారు వస్తున్నారు. ఈలోగా ఈ ఇంజెక్షన్ తెండి, బజారులో దొరుకుద్ది."

చీటీ పట్టుకుని బండెక్కాడు. ఖాళీ తొట్టి. వాసన లేదు. మంచు పలచబడి, కాఫీ హోటలు ముందు జనం కనిపిస్తున్నారు. సెంటర్లో ఎడమకి తిప్పాడు.

పక్క చక్రం గాల్లోకి లేచింది.

బండి కుడికి ఒరుగుతుంటే ఎట్లాగో నిలదొక్కుకున్నాడు. నిలదొక్కుకుని, నవ్వాడు కూడా. లేచింది! పోయింది! పీడ విరగడైంది! కళ్లల్లో నీళ్లు తిరిగాయి పిచ్చి మనిషికి.

నాలుగు బారలు పోయాక ఆ నవ్వు ఆగిపోయింది.

నందిగామ దాకా దిగలేదు. ఎక్కడ దిగింది?

మందు కొనుక్కుని, బండి ఎట్లా వెనక్కి తిప్పాడో ఆయనకే తెలీదు. ఆసుపత్రి మెట్లు పడుతూ లేస్తూ ఎక్కాడు. గది తలుపు ఓరగా వేసి ఉంది. తోశాడు.

పుష్పవతి నవారు మంచం మీద ఒక అంచుకి పడుకుని ఉంది. గోడవైపు సగం మంచం ఖాళీ. ఆ ఖాళీలో నవారు కిందికి దిగి ఉంది.

"పుష్పా... లే. ఇక్కడొద్దు... పోదాం..."

పెదాల మీద వేలు పెట్టి ఆగమంది. మొహంలో నెత్తురు తిరిగింది. కళ్లు తడిగా మెరుస్తున్నాయి.

"కదుల్తోందండీ," అంది గుసగుసగా. "ఆవిడ చెయ్యి వేస్తే కదుల్తోంది. తీస్తే ఊరుకుంటోంది."

ఆయన నోరు తెరిచాడు. పో, మా జోలికి రాకు, నీకు దణ్ణం పెడతా... మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి.

"పొమ్మని మాత్రం అనకండి," అంది పుష్పవతి. "మీకు పుణ్యముంటుంది. అనకండి."

చీర కింద ఆమె కడుపు, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి, కదిలింది. ఆయన కళ్లారా చూశాడు. ఎన్నేళ్లుగానో చూడాలనుకున్నది అదే. తలుపు పట్టుకున్నాడు.

"ఉండమ్మా," అన్నాడు చివరికి, ఖాళీ మంచం వైపు చూస్తూ. "ఉండు... నిన్నెవరూ పొమ్మనరు."

నవారు కిర్రుమంది. గోడవైపు గుంట ఇంకాస్త లోతైంది. దాని పక్కనే, పుష్పవతికి ఆనుకుని, చిన్నగా ఇంకో గుంట పడింది.