టీకాల గదికి ఎవరూ పలకరు

కేప్ కోస్ట్ పట్నం దాటాక, చేపల రేవు పక్కనున్న ఆ ప్రసూతి క్లినిక్‌లో టీకాల గదికి మంచి పేరు లేదు. కరెంటుంటే మామూలు గదే. కరెంటు పోయిందా... లోపల్నుంచి ఎవరో తట్టినట్టు చప్పుడు.

టక్... టక్... టక్.

తలుపు తట్టినవాళ్ళకి "అమే" అని పలకడం అక్కడి మర్యాద. ఈ గదికి మాత్రం ఎవరూ పలకరు. పలికితే లోపలున్నదాన్ని రమ్మన్నట్టేనట! ఆ ఉన్నది నర్సు బ్రూవా అని ఊరంతా ఒకటే మాట. పోయినేడు కాన్పు చేస్తూ చేస్తూనే కుప్పకూలి చనిపోయింది, పాపం. బతికుండగా ఏ గది తలుపైనా మూడు సార్లే తట్టేదట.

అసలు చిక్కు దెయ్యంతో కాదు, ఆ గదిలోని టీకాల ఫ్రిజ్‌తో. కరెంటు పోగానే గంట మోగాలి, కాపలాదారు జనరేటర్ వేయాలి. గంట మోగదు, చప్పుడికి జడిసి ఎవరూ ఆ ఛాయలకే రారు. కిందటి నెల పెట్టెడు టీకాలు పాడైపోయాయి. ఇంకోసారి పాడైతే ఫ్రిజ్‌ని పక్క ఊరికి తీసుకుపోతామని పైవాళ్ళు తేల్చేశారు. తెల్లారితే పసిపిల్లల టీకాల రోజు.

ఆ గంటకి సర్క్యూట్ కట్టింది రేడియోలు బాగుచేసే అరబా. నోరు పెద్దది. "నా బల్ల మీద వందసార్లు పనిచేసింది. మీ దెయ్యమే చెడగొట్టుంటుంది," అని నవ్వుతూ వచ్చింది.

"నవ్వమ్మా, నవ్వు," అన్నాడు కాపలా ముసలాయన ఎగ్యా కోవు. "చీకటి పడ్డాక చూద్దాం నీ నవ్వు. నేను మాత్రం గేటు దగ్గర్నుంచి కదల్ను."

"కదలకపోతే పీడా పోయింది తాతా. తాళంచెవి ఇటియ్యి."

పొద్దు గూకింది. ఏడు కాకముందే కరెంటు పోయింది. ఫ్రిజ్ ఒక్కసారి వణికి ఆగింది. గదిలో అరబా ఊపిరి బిగబట్టింది...

టక్.

చెవి పక్కనే! అరబా ఫోను వెలిగించింది—

టక్.

గోడ మీది తన డబ్బాలోంచే! గంటకి మీటలాంటి రిలే అది. కరెంటు పోయాక రిలేని నడిపే చిప్ కాసేపు బతకాలని, కాస్త కరెంటు దాచుకునే ఓ కెపాసిటర్ పెట్టింది. డబ్బా కట్టిన రోజు, కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్‌లు అయిపోతే, ఏం కాదులే అని రిలేని కూడా దానికే తగిలించింది. బల్ల మీద రిలే బదులు చిన్న దీపం పెట్టి చూసి మురిసిపోయింది. ఇక్కడేమో రిలే ఒక్క గుక్కలో ఉన్నదంతా తాగేస్తోంది. చిప్ సొమ్మసిల్లుతోంది. రిలే వదలగానే తేరుకుని మళ్ళీ రిలేని పిలుస్తోంది. గంట కదిలేలోపే కథ అయిపోతోంది. మూడుసార్లకి కెపాసిటర్ ఖాళీ.

సిగ్గుతో, కోపంతో కెపాసిటర్ పీకేసింది. మూడో టక్ రాలేదు.

"దెయ్యాన్ని నేనేనా!" అని నవ్వబోయింది... తలుపవతల ఎవరో గుసగుసగా—

"అమే..."

అరబా తలుపు తీసింది. గడప మీద రేవులో కెంకే అనే మొక్కజొన్న ముద్దలు అమ్ముకునే కుకువా కూర్చునుంది. బ్రూవా కూతురు.

"ఇవాళ రెండే తట్టింది అక్కా. మూడోది రాలేదేం?"

"నువ్వు... రోజూ వస్తావా?"

"కరెంటు పోయినప్పుడల్లా. అందరూ పారిపోతే మరి అమ్మకి పలికేదెవరు?"

అరబా ఉన్నమాట చెప్పేసింది. "అది మీ అమ్మ కాదు కుకువా. ఈ డబ్బా కట్టడంలో నేను చేసిన తప్పు."

కుకువా లేచి డబ్బాలోకి తొంగిచూసింది.

"బాగుచేస్తే ఇక తట్టదా?"

"తట్టదు. గంట మోగుతుంది."

"మోగనీ అక్కా. రేపు పిల్లలొస్తారు."

అరబా రిలేని గంటకున్న సొంత బ్యాటరీ మీదికి మార్చింది. కెపాసిటర్ని డయోడ్‌తో సహా ఒక్క చిప్‌కే అతికించింది. గంట రేవంతా వినబడేలా మోగింది. ఎగ్యా కోవు పరుగున వచ్చి జనరేటర్ వేశాడు, ఫ్రిజ్ కదిలింది.

కుకువా మాత్రం మూడో టక్ కోసం తలుపుకి చెవి ఆనించే ఉంది. అరబా వెళ్ళలేక, తనూ పక్కన కూర్చుని వింది.